గంధకం పోయింది, కందెన ఏమైంది?

కొద్ది వారాల క్రితం దగ్గు తగ్గడం లేదంటూ నల్గొండ వైపు నుంచి ఒక రైతు నా దగ్గరకు వచ్చారు. పరీక్ష ముగించి మందులు రాస్తుండగా ఆయన చేతిసంచిలోంచి ఒక సీసా తీసి బల్లమీద పెట్టారు. స్కూటర్లలో పెట్రోలుతో కలిపి పోసే 2టీ ఆయిల్. "ఇప్పుడొచ్చే డీజిల్‌లో గంధకం తీసేశారట కదా డాక్టరుగారూ! అది లేకపోతే పంపు అరిగిపోతుందట. అందుకని ట్రాక్టరు ట్యాంకులో ఇది కలపమని మా మెకానిక్కు చెప్పాడు. గంధకం తీయించింది మీ ఊపిరితిత్తుల డాక్టర్లేనట" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరమూ ఉంది, చిరునవ్వూ ఉంది.

ఆయన చెప్పినదానిలో సగం నిజం. ఆ సగం ఏదో, మిగిలిన సగం ఎక్కడ దారి తప్పిందో వివరించాలంటే ముప్పై అయిదేళ్ల చరిత్రను, దాని వెనుకనున్న మరో డెబ్బై ఏళ్ల చరిత్రను తిరగేయవలసి ఉంటుంది. ఇంజిన్ల సంగతి వైద్యుడికెందుకని మీరనుకోవచ్చు. ఈ కథ మొదలైంది ఊపిరితిత్తుల దగ్గరే. నడుమ ఒక శరీరధర్మ శాస్త్రజ్ఞుడు కూడా తారసపడతాడు.

ముడిచమురులో గంధకం పుట్టుకతోనే ఉంటుంది. శుద్ధి కర్మాగారంలో చమురును మరిగించి పెట్రోలు, కిరోసిన్, డీజిల్‌గా వేరుచేసినప్పుడు, బరువైన భాగాలతో పాటు గంధకమూ ఎక్కువగా పోతుంది. మన దేశంలో 1990ల మధ్యకాలం దాకా డీజిల్‌లో 1 శాతం వరకు గంధకాన్ని అనుమతించేవారు. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది కనుక, లీటరుకు 8 గ్రాముల పైచిలుకు అన్నమాట. 100 లీటర్ల ట్యాంకు నింపుకున్న లారీ ముప్పాతిక కిలోకు మించిన గంధకాన్ని దారిపొడవునా కాల్చి గాలిలో వదిలేది. ఈనాటి బీఎస్-6 డీజిల్‌లో అదే 100 లీటర్లకు గంధకం 1 గ్రాము కూడా ఉండదు. పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించరాదన్నది నేటి నియమం.

కాలిన గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ వాయువు ముక్కులోను, గొంతులోను, శ్వాసనాళాల్లోను ఉండే తడిలో ఇట్టే కరిగి ఆమ్లమవుతుంది. ఉబ్బసం ఉన్నవారికి కొద్ది నిమిషాల్లోనే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. గాలిలో మిగిలిన భాగం మెల్లగా సల్ఫేటు రేణువులుగా మారి, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా చేరేంత సన్నగా తయారవుతుంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన పొగమంచులో తొలి లెక్కల ప్రకారమే సుమారు 4,000 మంది మరణించారు. తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్యను 12,000 దాకా అంచనా వేశారు. ఆ పొగలో అధికభాగం బొగ్గుదే అయినా, గంధకం పొగ మనిషిని ఏం చేయగలదో వైద్యలోకానికి మరువరాని పాఠంగా తెలిసింది అప్పుడే.

డీజిల్ విషయంలో మరొక చిక్కు కూడా ఉంది. డీజిల్ పొగలోని మసిని పట్టే వడపోత గొట్టాలను, విషవాయువులను విరిచే ఉత్ప్రేరకాలను బండికి అమర్చాలంటే ముందు గంధకం పోవాలి. అది ఉన్నచోట ఉత్ప్రేరకం పని క్రమంగా మందగిస్తుంది. అంటే గంధకాన్ని తొలగించడం వల్ల కలిగే మేలు గంధకం పొగ తగ్గడంతో ఆగదు. మసిని అరికట్టే దారి కూడా దానితోనే తెరుచుకుంటుంది. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. రైతుగారు నిష్ఠూరంగా అన్నమాట నిజమే. గంధకాన్ని తీయించినది ఊపిరితిత్తులే.

తీయడం ఎలా? డీజిల్‌ను 300 నుంచి 400 డిగ్రీల వేడిలో, అధిక పీడనంలో హైడ్రోజన్‌తో కలిపి, కోబాల్టు, మాలిబ్డినం ఉన్న ఉత్ప్రేరకం మీదుగా పంపుతారు. గంధకం హైడ్రోజన్‌ను పట్టుకుని, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటపడుతుంది. దానినుంచి మళ్లీ పచ్చని గంధకాన్ని రాబట్టి ఎరువుల తయారీకి అమ్ముతారు. గంధకపు అణువుల్లో కొన్ని సులువుగానే లొంగుతాయి. మరికొన్ని జిగట మనుషుల వంటివి, ఎంత పిలిచినా కదలవు. వాటిని కూడా వదిలించాలంటే వేడిని, పీడనాన్ని, హైడ్రోజన్‌ను బాగా పెంచాలి. ఆ తీవ్రతలో గంధకంతో పాటు డీజిల్‌లో ఉన్న మరికొన్ని సూక్ష్మ పదార్థాలు కూడా కొట్టుకుపోతాయి. అవి పోయాయన్న సంగతి చాలామందికి పంపులు పాడయ్యాకే తెలిసింది.

1991లో స్వీడన్ ప్రభుత్వం డీజిల్‌ను శుభ్రత ప్రకారం తరగతులుగా విభజించి, మొదటి తరగతి డీజిల్‌కు పన్ను తగ్గించింది. అందులో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు, ఆరోమాటిక్ పదార్థాలు 5 శాతానికి మించరాదు. మన దేశమంతా ఆ గంధకపు మెట్టును అందుకున్నది 2020లో అని గుర్తుచేసుకుంటే ఆ అడుగు ఎంత ముందుదో తెలుస్తుంది. పన్ను తక్కువ కనుక ఆ డీజిల్ త్వరగానే వాడుకలోకి వచ్చింది. గాలి శుభ్రపడింది. కాని కొంతకాలానికే ఇంజిన్లకు డీజిల్ అందించే పంపులు ఒకదాని తర్వాత ఒకటిగా అకాలంగా అరిగిపోసాగాయి. దెబ్బతిన్నవి ముఖ్యంగా చిన్న వాహనాలలోని రోటరీ పంపులు.

ఆ పంపులే ఎందుకు? ఇంజిన్‌లోని పిస్టన్లకు ఇంజిన్ ఆయిల్ కందెనగా ఉంటుంది. పాతకాలపు వరుస పంపులకు కూడా కింది భాగంలో ఇంజిన్ ఆయిల్ అందేది. రోటరీ పంపుకు ఆ వసతి లేదు. తాను తోసే డీజిలే తనకు కందెన. డీజిల్ పంపులో కదిలే కడ్డీకి, దాని గొట్టానికి నడుమ ఉండే సందు కొద్ది మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన రక్తంలోని ఎర్రకణం వెడల్పు 7, 8 మైక్రాన్లుంటుంది. దానికి కూడా దూరడం కష్టమైన ఆ ఇరుకులో, ఉక్కు మీద ఉక్కు క్షణానికి ఎన్నోసార్లు జారాలి. (ప్రసంగవశాత్తు ఒక హెచ్చరిక. ఈనాటి కామన్‌రైల్ ఇంజిన్లలో డీజిల్ 1,600 బార్లను మించిన ఒత్తిడితో ప్రవహిస్తుంది. లీకు ఎక్కడుందో చూడడానికి వేలు అడ్డుపెడితే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని చేతిలోపలికి పోతుంది. పైకి సూదిమొనంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తక్కువే ఉండవచ్చు. అయినా అది అప్పటికప్పుడు శస్త్రచికిత్స అవసరమయ్యే ప్రమాదం.)

పంపు అరిగితే నష్టం బండి యజమాని జేబుతో ఆగదు. డీజిల్ చల్లవలసిన క్షణం తప్పుతుంది, తుంపర ముతకబారుతుంది, సగం కాలిన ఇంధనం నల్లని పొగగా బయటికొస్తుంది. ఊపిరితిత్తుల కోసం గంధకాన్ని తీసి, పంపును అరగనిస్తే ఆ పొగ మళ్లీ ఊపిరితిత్తులకే చేరుతుందన్నమాట.

ఇలాంటిది జరగడం అదే మొదటిసారి కాదు. 1960లలోనే విమానాల ఇంధనాన్ని హైడ్రోజన్‌తో శుద్ధి చేయడం మొదలైనప్పుడు వాటి పంపులు కూడా అరుగుదలకు లోనయ్యాయి. తుప్పు పట్టకుండా ఇంధనంలో అతిస్వల్పంగా కలిపే ఒక పదార్థం ఆ అరుగుదలను కూడా ఆపుతోందని అప్పుడే గమనించారు. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైన్యం తన డీజిల్ వాహనాలకు కూడా విమాన ఇంధనాన్నే వాడినప్పుడు, ఎడారి వేడిలో మరింత పలచబడిన ఆ ఇంధనం రోటరీ పంపులను దెబ్బతీసింది.

ఇక్కడే రైతుగారి మెకానిక్కు, ఆయనలాంటి లక్షలమంది పొరబడ్డారు. గంధకం తీశాక పంపులు అరిగాయి కనుక, పంపును కాపాడినది గంధకమే అన్నది వారి తర్కం. చూడగా సబబుగానే ఉంటుంది. అయితే పరిశోధనల్లో తేలింది వేరు. డీజిల్‌లో సహజంగా ఉండే గంధకపు అణువులు పంపును కాపాడడంలో పెద్దగా పాలుపంచుకోవు. ఆ పని చేసేవి ప్రాణవాయువును, నత్రజనిని తమలో ఇముడ్చుకున్న కొన్ని ధ్రువ అణువులు, కొన్ని పెద్ద ఆరోమాటిక్ అణువులు. వాటి పరిమాణం అత్యల్పం. హైడ్రోజన్ చికిత్సలో గంధకంతో పాటు ఇవి కూడా నశించాయి. దొంగను తరుముతూ ఇంట్లోవాళ్లను కూడా వెళ్లగొట్టినట్లయింది.

తెలుగువారికి ఇది చిరపరిచితమైన కథే. కోస్తా జిల్లాలను ఉత్తర సర్కారులని పిలిచిన రోజుల్లో అక్కడ బెరిబెరి వ్యాధి ఎంత ప్రబలంగా ఉండేదంటే, మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లో మద్రాసులో ప్రచురించిన గ్రంథమే దానిపై వెలువడింది. బియ్యం తెల్లగా ఉండాలని పైపొరను పూర్తిగా చెక్కివేస్తే, తవుడుతో పాటు థయమిన్ అనే బి1 విటమిన్ కూడా పోతుందని ఆ తరువాత చాలాకాలానికి గాని తెలియలేదు. 1890లలో జావాలో ఐక్‌మన్ కోళ్లకు తెల్లబియ్యం పెట్టి, వాటి కాళ్లు పడిపోవడం చూసి తొలి ఆధారం పట్టుకున్నాడు. ఆయన కూడా మొదట కారణాన్ని తప్పుగానే ఊహించాడు. బియ్యంలో ఏదో విషం ఉందనుకున్నాడు గాని, ఏదో లోపించిందని అనుకోలేదు. లోపించిన వస్తువు అతిస్వల్పమైనదైతే దానిని పోల్చుకోవడం అంత కష్టం.

ఇంతకూ ఆ ధ్రువ అణువులు చేసే పని ఏమిటి? దీనికి జవాబు స్వీడన్ పంపులు అరగడానికి డెబ్బై ఏళ్ల ముందే దొరికింది. నేను చెప్పిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఇక్కడే ప్రవేశిస్తాడు. కేంబ్రిడ్జిలో విలియం బేట్ హార్డీ అనే ఆయన జీవకణంలోని పదార్థాన్ని, రక్తంలోని ప్రోటీన్లను పరిశోధించిన జీవశాస్త్రవేత్త. ఉపరితలాల మీద అణువులు ఎలా పరుచుకుంటాయన్న ప్రశ్న ఆయనను క్రమంగా కందెనల వైపు మళ్లించింది. ఐడా డబుల్‌డే అనే సహపరిశోధకురాలితో కలిసి గాజు మీద, ఉక్కు మీద రకరకాల ద్రవాల పలుచని పొరలు వేసి, వాటి జారుడును కొలిచాడు. కొవ్వు ఆమ్లపు అణువుకు ఒక తల, ఒక పొడవాటి తోక ఉంటాయి. తల లోహాన్ని పట్టుకుంటుంది, తోక పైకి నిలుస్తుంది. అలాంటి అణువులు వరిచేనులో మొక్కల్లా ఒత్తుగా నిలబడితే, ఆ ఒక్క అణువు మందం గల పొరే లోహం లోహాన్ని తాకకుండా అడ్డుకోగలదు. తోక పొడవైన కొద్దీ ఘర్షణ తగ్గింది. దీనికి వాళ్లు 1922లో సరిహద్దు కందెనమని అర్థమిచ్చే ఆంగ్లపదాన్ని వాడారు. సుమారు ఆ కాలంలోనే వెల్స్, సౌత్‌కోంబ్ అనే ఇద్దరు, ఖనిజ నూనెలో కొద్దిపాటి కొవ్వు ఆమ్లం కలిపితే ఘర్షణ బాగా తగ్గుతుందని చూపి, ఆ పద్ధతికి 'జెర్మ్' అని పేరుపెట్టారు. వైద్యుడిగా ఆ పేరు చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను గాని, ఇక్కడ దాని అర్థం క్రిమి కాదు, బీజం.

మన పెద్దలకు ఈ సిద్ధాంతం తెలియదు, ప్రయోగం తెలుసు. ఎద్దుబండి కింద వేలాడే కందెన గొట్టాన్ని నా ఈడువారు చూసే ఉంటారు. అందులో ఉండేది ఆముదంలో కలిపిన గడ్డిమసి. ఆముదంలోని కొవ్వు ఆమ్లానికి తల ఒక్కటే కాక, తోక నడుమ మరొక పట్టుకొయ్య కూడా ఉంటుంది. అందుకే ఇరుసును అంత గట్టిగా అంటిపెట్టుకుంటుంది.

డీజిల్‌కు మందు కూడా ఈ జాతిలోనే దొరికింది. దేవదారు, సరళ వృక్షాల కలపనుంచి కాగితపు గుజ్జు తీసేటప్పుడు ఉపఉత్పత్తిగా వచ్చే కొవ్వు ఆమ్లాలను, లేదా వాటి ఎస్టర్లను డీజిల్‌లో కలుపుతారు. మోతాదు పది లక్షల పాళ్లలో 100 నుంచి 200 పాళ్లు ఉంటే సాధారణంగా సరిపోతుంది. 100 లీటర్ల ట్యాంకుకు లెక్కవేస్తే రెండు నుంచి నాలుగు చెంచాలు. గింజల నూనెలనుంచి తీసిన బయోడీజిల్‌ను 1, 2 శాతం కలిపినా ఫలితం అదే.

మందు దొరికితే చాలదు, పనిచేసిందో లేదో తెలిపే పరీక్ష కూడా కావాలి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో రూపొందిన ఒక చిన్న యంత్రం ఆ లోటు తీర్చింది. 2 మిల్లీలీటర్ల డీజిల్‌లో ఒక ఉక్కు బిళ్లను ఉంచి, దానిపై 6 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని 200 గ్రాముల బరువుతో అదిమి, 60 డిగ్రీల వేడిలో సెకనుకు 50 సార్లు ముందుకు వెనక్కు రుద్దుతారు. 75 నిమిషాల తర్వాత, అంటే 2,25,000 రాపిళ్ల తర్వాత, గోళీ మీద పడిన మచ్చను సూక్ష్మదర్శినితో కొలుస్తారు. ఐరోపాలో ఆ మచ్చ 460 మైక్రాన్లకు మించరాదు. అమెరికాలో 2005 నుంచి 520 మైక్రాన్ల వరకు ఒప్పుకుంటున్నారు. అక్కడి ఇంజిన్ తయారీదారులు 460 కావాలని అడిగినా నియమం 520 దగ్గరే నిలిచింది. మన భారతీయ ప్రమాణం 460నే ఎంచుకుంది. ఈ విషయంలో మనం అమెరికా కంటే కఠినంగా ఉన్నామని పాఠకులలో ఎంతమందికి తెలుసు?

మన దేశంలో గంధకం మెట్లు మెట్లుగా దిగింది. 1996లో నాలుగు మహానగరాల్లో అర శాతానికి, 2000 నాటికి దేశమంతటా పావు శాతానికి తగ్గింది. 2010 ఏప్రిల్‌లో 13 నగరాలకు 50 పాళ్ల డీజిల్ వచ్చింది, వాటిలో హైదరాబాదు ఒకటి. మిగతా ఊళ్లకు అది చేరడానికి 2017 దాకా పట్టింది. ఆ ఏడేళ్లూ హైదరాబాదు దాటి నాలుగు ఊళ్లు పోతే బంకులోని డీజిల్ మారిపోయేది. జిల్లాల్లోని పిల్లల ఊపిరితిత్తులు నగరం పిల్లలవాటికంటే గట్టివని ఎవరు తేల్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీకి, 2020 ఏప్రిల్ 1న దేశమంతటికీ 10 పాళ్ల డీజిల్ వచ్చింది. దీనికోసం, 1957 నుంచి నడుస్తున్న మన విశాఖ శుద్ధి కర్మాగారంతో సహా, దేశంలోని కర్మాగారాలు గంధకాన్ని తొలగించే విభాగాలను కొత్తగా కట్టుకోవడమో, ఉన్నవాటిని పెంచుకోవడమో చేయవలసి వచ్చింది.

స్వీడన్ ముందే దెబ్బతిని నేర్చుకున్నందువల్ల మనకు మేలే జరిగింది. మన బంకుకు చేరే డీజిల్ ఆ 460 మైక్రాన్ల పరీక్షకు నిలవాలి. అవసరమైన కందెనను బంకుకు రాకముందే కలుపుతారు. కనుక రైతుగారి సీసాకు అక్కడ పనిలేదు.

పనిలేకపోతే పోయె, హాని ఉందా? 2టీ ఆయిల్‌ను తయారుచేసినది చిన్న పెట్రోలు ఇంజిన్‌లో కాలిపోవడానికి. డీజిల్ పంపు కోసం దానిని ఎవరూ రూపొందించలేదు. ఒక్కో సీసాలో ఏముంటుందో మారుతుంది. కాలాక బూడిదగా మిగిలే లోహపదార్థాలు అందులో ఉంటే, మసి వడపోత ఉన్న బండిలో అవి అక్కడే పేరుకుంటాయి. అసలు కందెన మందులు కూడా మోతాదు మించితే, ఇంజిన్ ఆయిల్‌లోని క్షార పదార్థాలతో కలిసి సబ్బులాంటి జిడ్డుగా మారి ఫిల్టర్లను మూసివేయగలవు. ఇక డీజిల్‌లో కిరోసిన్ కలిపే పాత అలవాటు మరీ చెడ్డది. కిరోసిన్ పలచన, దానికి కందెన గుణం తక్కువ, పైగా అది వదిలించుకున్న గంధకాన్ని మళ్లీ వెంటబెట్టుకుని వస్తుంది. పంపుకూ చేటే, ఉత్ప్రేరకానికీ చేటే.

ఇదంతా రైతుగారికి క్లుప్తంగా చెప్పాను. కందెన గొట్టం మాట ఎత్తగానే ఆయన ముఖం విప్పారింది. "మా నాయన బండికి ఉండేది" అన్నారు. సీసాను సంచిలో పెట్టుకుంటుండగా నాకొక అనుమానం వచ్చింది.

"ఇన్నాళ్లూ డ్రమ్ములోంచి ట్రాక్టరులోకి డీజిల్ ఎలా పోస్తున్నారు?" అని అడిగాను.

"పైపు పెట్టి నోటితో లాగుతాడు మా చిన్నవాడు. ఇంటర్ చదువుతున్నాడు."

రాస్తున్న కాగితం మీదనుంచి కలం ఎత్తి, దగ్గు మందు కంటే ఇది ముఖ్యమని ఆయనకు చెప్పాను. మీ ఇంట కూడా ఆ అలవాటు ఉంటే ఈ నాలుగు మాటలు చదవండి. డీజిల్, కిరోసిన్ నీటిలా పలచగా పాకే ద్రవాలు. నోటిలోకి వచ్చిన గుక్కలో కొద్ది చుక్కలు గొంతు దాటి శ్వాసనాళంలోకి జారితే చాలు, ఊపిరితిత్తి వాచిపోతుంది. మొదట దగ్గు, పొలమారడం మాత్రమే ఉండి, కొన్ని గంటల తర్వాత ఆయాసం, జ్వరం రావచ్చు. అటువంటప్పుడు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. కడుపులో ఉన్న డీజిల్ పైకి వచ్చేటప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పాలు, మజ్జిగ పట్టించే పని కూడా పెట్టుకోకండి. తడిసిన బట్టలు మార్చి, ఒళ్లు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పైకి బాగానే కనిపించినా కనీసం 6 గంటలు వైద్యుల పరిశీలనలో ఉంచాలి. డ్రమ్ముకు బిగించే చేతిపంపు పెద్ద ఖరీదు కాదు. దానిని ఆ సాయంత్రమే కొంటానని ఆయన మాట ఇచ్చి వెళ్లారు.